షియాన్‌లో రెండు రోజులు: స్నేహితుల ఇల్లు, పాత కోట, మట్టి సైన్యం

నేను బీజింగ్‌లో ఉండగా చైనా పాత రాజధాని షియాన్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు రెండు రోజుల్లో పదకొండు చోట్లు తిరిగాను. లెక్క ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే రైల్లో కూర్చుని గర్వంగా రాసుకున్నాను. నాతో పాటు ఆఫీసులో పనిచేసి, తర్వాత సొంతూరు షియాన్‌కి వెళ్లిపోయిన మిత్రుడి ఇంట్లోనే దిగాను గానీ, ఆ ఇంట్లో పడుకోవడానికి తప్ప ఒక్క పూటా కూర్చోలేదు. ఆదివారం స్టేషన్‌కి దిగబెట్టడానికి వచ్చినవాడు "మళ్లీ ఎప్పుడొస్తావ్?" అనలేదు. "ఈసారి మా ఇంటికి రా" అన్నాడు.

ఆ మాట బాగానే తగిలింది. అందుకే ఇక్కడ రాస్తున్న పద్ధతి వేరు. రెండు రోజులూ స్నేహితుల ఇంటి చుట్టూ అల్లుకుని, మధ్యలో మూడు నాలుగు పెద్ద చోట్లు మాత్రమే చూడటం. బీజింగ్, షాంఘై, చెంగ్డూ వైపు చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకి ఇది నేరుగా పనికొస్తుంది. ఇండియా నుంచి చైనా యాత్రకి వచ్చి ఒక శని, ఆదివారం షియాన్‌కి కేటాయించేవాళ్లు కూడా ఇలాగే చేసుకోవచ్చు.

అడుగు 1: ఏ శనివారం?

క్యాలెండర్‌లో శని, ఆదివారాలు చూసి టికెట్లు కొనేయకండి. చైనాలో పెద్ద పండగలకి వరుసగా సెలవులిచ్చి, ఆ రోజుల్ని ముందూ వెనకా ఉన్న శని, ఆదివారాల్లో పని చేయించి సరిచేస్తారు. దీన్ని తియావ్‌షియూ అంటారు. అంటే మీరు సంచి తగిలించుకుని దిగే శనివారం మీ స్నేహితుడికి మామూలు ఆఫీసు రోజు కావచ్చు, పిల్లలకి బడి కూడా ఉండొచ్చు. కాబట్టి "ఆ వారం ఖాళీయేనా?" అని కాదు, "ఆ శనివారం మీకు సెలవేనా?" అని అడగండి.

అక్టోబరు 1 నుంచి వారం, మే మొదటి రోజులు, చైనా కొత్త సంవత్సరం — ఈ మూడూ వదిలేయండి. మన పుష్కర ఘాట్ల రద్దీ చూసినవాళ్లకి కూడా అప్పటి షియాన్ కొత్తగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలాఖరు, సెప్టెంబరు, అక్టోబరు రెండో సగం బాగుంటాయి. జూలైలో ఎండ రెంటచింతలని గుర్తు చేస్తుంది. జనవరిలో రాత్రుళ్లు సున్నా కంటే దిగిపోతుంది.

అడుగు 2: కాగితాలు

ఇండియా పాస్‌పోర్టుకి వీసా తప్పనిసరి. చూడ్డానికైతే ఎల్ రకం వీసా. అక్కడ ఉద్యోగమో చదువో చేస్తున్న విదేశీయుల దగ్గరికి సొంత పని మీద వెళ్లేవాళ్లకి ఎస్2 రకం ఉంది. స్నేహితులు ఆహ్వాన పత్రం రాసి, తమ గుర్తింపు కాగితం నకలు జతచేసి పంపితే దరఖాస్తు తేలికవుతుంది. 240 గంటల పాటు వీసా లేకుండా ఆగి వెళ్లే సౌకర్యం గురించి మీరు వినే ఉంటారు. అది మన పాస్‌పోర్టుకి లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఎన్నారైలకి ఉంది, కానీ వచ్చిన దేశానికే తిరిగి వెళ్లకుండా మూడో దేశానికి టికెట్ ఉండాలి.

ఇక ఎక్కువమంది మర్చిపోయేది. హోటల్లో దిగితే మీ వివరాలు హోటల్‌వాళ్లే పోలీసులకి పంపిస్తారు. స్నేహితుల ఇంట్లో దిగితే 24 గంటల్లోపు మీరో, ఇంటివాళ్లో ఆ పేటలోని పోలీస్ స్టేషన్లో నమోదు చేయించాలి. ఆ స్టేషన్‌ని పైచూసువో అంటారు. పాస్‌పోర్టు, ఇంటి యజమాని గుర్తింపు కార్డు, ఇంటి కాగితమో అద్దె ఒప్పందమో పట్టుకెళ్లాలి. "రెండు రాత్రులకే కదా" అనుకోవద్దు. చట్టానికి ఒక్క రాత్రయినా లెక్కే, తర్వాత వీసా పొడిగించుకునేటప్పుడు ఈ ఖాళీ బయటపడుతుంది. పోలీస్ స్టేషన్ అనగానే మనకి గుండె దడ. అక్కడ అది పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను కట్టినంత మామూలు పని.

స్నేహితులు అద్దెకుంటూ, యజమానిని కాగితం అడగడానికి ఇబ్బంది పడుతున్నట్టు అనిపిస్తే మీరే హోటల్ తీసుకోండి. వాళ్లని మొహమాటంలో పెట్టకండి. చిన్న హోటళ్లలో కొన్నిటికి విదేశీ పాస్‌పోర్టు నమోదు చేయడం చేతకాదు. ముందే స్నేహితుడి చేత ఫోన్ చేయించి కనుక్కోండి.

అడుగు 3: ఫోన్ సిద్ధం చేసుకోవడం

చైనాలో ఉంటున్నవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకి మాత్రం ప్రాణం ఇక్కడే ఉంది.

అక్కడ డబ్బు చెల్లించే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ ఇంట్లో ఉండగానే వేసుకుని, పాస్‌పోర్టుతో ధ్రువీకరించి, వీసా కార్డో మాస్టర్‌కార్డో జతచేయండి. మన ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ పనిచేయవు, రూపే కార్డుని నమ్ముకోవద్దు. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు తెరిచి ఉంచండి, రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు పెట్టుకోండి. ఒకటి మొరాయిస్తే రెండోది పనికొస్తుంది. 200 యువాన్‌లు దాటని చెల్లింపుకి విదేశీ కార్డు మీద అదనపు రుసుం పడదు, దాటితే 3 శాతం పడుతుంది. నగదు చెల్లుతుంది గానీ, బండి మీద నూడుల్స్ అమ్మే ఆయన వంద నోటు చూసి చిల్లర కోసం పక్క కొట్టుకి పరిగెత్తుతాడు.

వీచాట్ కొత్త ఖాతా తెరిచేటప్పుడు అప్పటికే వాడుతున్న మనిషి హామీ అడగొచ్చు. ఆ పని స్నేహితుడి చేత ముందే చేయించుకోండి. గూగుల్, వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్ మీద ఉంటే మాత్రం పనిచేస్తాయి, ఎందుకంటే ఆ డేటా మన దేశపు నెట్‌వర్క్ మీదుగానే తిరిగొస్తుంది. స్నేహితుడి ఇంటి వైఫైకి మారగానే వాట్సాప్ మూగబోతుంది. ఈ సంగతి అమ్మకి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే రాత్రంతా నిద్రపోదు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుందని కూడా చెప్పండి.

దారి చూసుకోవడానికి గావ్‌ద అనే చైనా మ్యాపు వేసుకోండి, ఐఫోన్ ఉంటే అందులోని మ్యాపే చాలు. టాక్సీకి దీదీ, అది అలీపేలోనే ఉంటుంది. ఇంకో చిన్న పని: స్నేహితుడి ఇంటి చిరునామా చైనా లిపిలో బొమ్మగా దాచుకోండి. ఛార్జింగ్ అయిపోయే ఫోన్‌ని నమ్మని నాలాంటివాళ్లు కాగితం మీద కూడా రాయించుకుంటారు.

అడుగు 4: టికెట్లు

షియాన్‌కి వేగపు రైలే మేలు. బీజింగ్ పశ్చిమ స్టేషన్ నుంచి వేగంగా వెళ్లే రైళ్లు దాదాపు నాలుగున్నర గంటల్లో షియాన్ ఉత్తర స్టేషన్‌కి చేరుస్తాయి, రెండో తరగతి ఐదారు వందల యువాన్‌లు. చెంగ్డూ నుంచి చిన్‌లింగ్ కొండల కింద సొరంగాల్లోంచి వచ్చే మార్గం 2017 చివర్లో మొదలైంది. అది నాలుగు గంటల లోపే. షాంఘై దూరం ఎక్కువ, చాలా రైళ్లకి ఆరు గంటలు దాటుతుంది కాబట్టి వారాంతానికి విమానం చూసుకోండి. అయితే 2025 జూన్ 28 నుంచి చైనా లోపలి విమానాల్లో 3సీ అనే చైనా భద్రతా ముద్ర లేని పవర్‌బ్యాంకు రానివ్వడం లేదు. ఇండియాలో కొన్నదాని మీద ఆ ముద్ర ఉండే అవకాశం తక్కువ.

రైలు టికెట్లు అక్కడి రైల్వేవాళ్ల 12306 యాప్‌లో పదిహేను రోజుల ముందు తెరుచుకుంటాయి. పాస్‌పోర్టే టికెట్, కాగితం అక్కర్లేదు. తిరుగు టికెట్ కూడా అప్పుడే కొనండి, ఆదివారం సాయంత్రం బళ్లు ముందే నిండిపోతాయి.

చక్రవర్తి సమాధికి కాపలాగా చేసిన మట్టి సైనికుల మ్యూజియానికి పాస్‌పోర్టు నంబరుతో ముందే బుక్ చేయాలి. 120 యువాన్‌లు. షాంక్షీ చరిత్ర మ్యూజియానికి టికెట్లు ఉచితమే గానీ, తెరిచిన నిమిషాల్లో మాయమవుతాయి. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోసం కంప్యూటర్ ముందు కాచుకుని కూర్చున్న అనుభవం ఉంటే మీకు కొంత పైచేయి. దొరక్కపోతే ఏడవొద్దు. చిన్న హంస గోపురం పక్కనున్న షియాన్ మ్యూజియంకి వెళ్లండి, అదీ ఉచితమే. 8వ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ గోపురం 1487 భూకంపానికి నిలువునా పగిలిందనీ, 1521లో మరో భూకంపానికి ఆ పగులు దానంతటదే మూసుకుందనీ చెప్పుకుంటారు. 1556లో వచ్చిన మహా భూకంపానికి మాత్రం పై అంతస్తులు రాలి, పదిహేనుకి పదమూడే మిగిలాయి. మనుషులు తక్కువ, చెట్లు ఎక్కువ ఉండే చోటు. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

అడుగు 5: ఏం పట్టుకెళ్లాలి

ఉత్త చేతులతో వెళ్లకూడదన్న పట్టింపు వాళ్లకీ మనకీ ఒకటే. ఏం ఇవ్వకూడదో తెలుసుకోవడం ముఖ్యం. గడియారం ఇవ్వొద్దు. ఆ భాషలో 'గడియారం ఇవ్వడం' అనే మాట, చావు దగ్గర కడసారి సేవ చేయడం అనే మాట ఒకేలా వినిపిస్తాయి. గొడుగు అనే మాట విడిపోవడాన్ని గుర్తు చేస్తుంది. బేరిపండు కోసి పంచుకోవడమూ అంతే. నాలుగు సంఖ్య చావు అన్న మాటలా ఉంటుంది కాబట్టి నాలుగేసి వస్తువులు వద్దు. మనకి మూడు ముద్దలు పెట్టకూడనట్టు అనుకోండి.

ఇండియా నుంచి తెచ్చేవాళ్లు పాల పదార్థాలు, తాజా పళ్లు, మాంసం పెట్టుకోకండి. కస్టమ్స్‌లో రానివ్వరు. పాలకోవా ఆశ వదులుకోండి. నేను రెండోసారి అరకు కాఫీ పొడి, పాపకి కొండపల్లి ఎద్దుబండి తీసుకెళ్లాను. మట్టి బొమ్మల ఊరివాళ్లకి చెక్క బొమ్మ ఇస్తే ఏమనుకుంటారో అని సందేహించాను. ఆ బండి ఇప్పుడు వాళ్ల టీవీ పక్కనే ఉంది.

ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వండి. రెండు మూడు సార్లు "వద్దు వద్దు" అంటారు, అది తిరస్కారం కాదు. మీ ముందే విప్పి చూడకపోతే నొచ్చుకోకండి, అక్కడి పద్ధతి అది.

అడుగు 6: శుక్రవారం రాత్రి

ఉత్తర స్టేషన్ నుంచి మెట్రో 2వ లైను ఊరి నడుమ నుంచి తిన్నగా దక్షిణానికి దిగుతుంది. గంట గోపురం, దక్షిణ ద్వారం, షియావ్‌జాయ్ అన్నీ దాని మీదే. 4వ లైను పెద్ద హంస గోపురం దాకా వెళ్తుంది. రాత్రి పదకొండు దాటాక మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు, దీదీ పిలవండి. స్టేషన్ బయట "టాక్సీ, టాక్సీ" అని చెయ్యి పట్టుకునేవాళ్లని మాత్రం దాటేసి వెళ్లండి.

ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పగానే లోపల వేసుకునే చెప్పులు ఇస్తారు. తాగడానికి వేడినీళ్లు వస్తాయి, మే నెలయినా సరే. మా మిత్రుడి అత్తగారు అడిగే మొదటి మాట "చీ ల మా?" అంటే "తిన్నావా?" ఎన్నింటికి వెళ్లినా అదే. మన గోదావరి జిల్లాల వీధి అరుగుల మీద వినిపించే పలకరింపే, భాష మారింది అంతే. మీరు తిన్నా ఏదో ఒకటి పెడతారు. "బీ కచీ, బీ కచీ" అంటే "మొహమాటపడొద్దు" అని.

పిలుపులు కూడా మనలాగే వరసల మీద నడుస్తాయి. స్నేహితుడి అమ్మ వయసావిడని అయీ అనాలి, నాన్న వయసాయన్ని షూషు. అయీ అంటే పిన్ని. పేరు పెట్టి పిలిచారంటే మన ఊళ్లోలాగే అక్కడా నొసలు చిట్లుతాయి.

అడుగు 7: శనివారం ఉదయం, హ్యూయన్ త్సాంగ్ గోపురం

తెలుగువాళ్లు షియాన్‌లో ఒక్కటే చూడగలిగితే పెద్ద హంస గోపురం చూడాలి. ఇది నా పక్షపాతమే, కారణం చెప్తాను.

మనం బడి పాఠాల్లో చదువుకున్న చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ బయల్దేరింది ఈ ఊరి నుంచే. అప్పుడు దీని పేరు చాంగాన్, తాంగ్ వంశపు రాజధాని. మన దేశమంతా తిరుగుతూ కృష్ణ ఒడ్డున ధాన్యకటకం దాకా వచ్చాడు. ఇప్పటి అమరావతి, ధరణికోట ప్రాంతం అది. అక్కడ పూర్వశైల, అపరశైల విహారాలుండేవని రాశాడు, కొన్ని నెలలు ఆగి మహాసాంఘిక శాఖ భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ తత్వం చదువుకున్నాడు. అంతకుముందు ఆంధ్రదేశపు రాజధానిగా ఆయన చెప్పిన ఊరు వేంగి అని చరిత్రకారులు గుర్తించారు. అంటే ఏలూరు దగ్గర పెదవేగి. 645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. మిగిలిన జీవితమంతా వాటిని చైనా భాషలోకి మార్చడంలోనే గడిపాడు. ఆ గ్రంథాలు అగ్నికి ఆహుతి కాకుండా దాచడానికి 652లో కట్టిందే ఈ గోపురం. మొదట ఐదంతస్తులు ఉండేది. 8వ శతాబ్దం మొదట్లో వూ జతియెన్ మహారాణి కాలంలో తిరిగి కట్టారు. ఇప్పుడున్నవి ఏడు, ఎత్తు సుమారు 64 మీటర్లు. కొంచెం పక్కకి వాలి ఉంటుంది, మీ కళ్ల తప్పు కాదు.

పొద్దున్నే తెరవగానే వెళ్లండి. గోపురం ఉన్నది దాచిఎన్ గుడి ఆవరణలో. గుడికి ఒక టికెట్, పైకెక్కడానికి ఇంకోటి. దక్షిణ ద్వారానికి అటూ ఇటూ గూళ్లలో రెండు శిలా శాసనాలు ఉంటాయి. హ్యూయన్ త్సాంగ్ అనువాదాలకి చక్రవర్తి రాసిన ముందుమాట చెక్కింది వాటి మీదే, 653లో, అందమైన చేతిరాతకి పేరుపడ్డ చూ సుయిలియాంగ్ దస్తూరీలో. జనం వాటిని దాటుకుని మెట్ల వైపు పరుగెడతారు. మీరు ఆగండి. పైకెక్కితే నాలుగు వైపులా కిటికీలు, నాలుగు వైపులా తిన్నగా గీత గీసినట్టు వీధులు కనిపిస్తాయి. దిగాక బయటి చౌకులో చేతికర్ర పట్టుకుని నిలబడ్డ ఆయన కంచు విగ్రహం దగ్గర ఫోటో దిగండి. మా మిత్రుడి కూతురు "ఆయన మీ ఊరొచ్చాడా?" అని అడిగితే, "మా ఊరికి రెండు గంటల దూరం దాకా వచ్చాడు" అన్నాను. ఆ పిల్ల నా వంక కొత్తగా చూసింది.

ఇక్కడినుంచి దక్షిణంగా సాగే వీధి రాత్రి దీపాలతో వెలిగిపోతుంది. తాంగ్ కాలపు దుస్తులు అద్దెకి కట్టుకుని వేలమంది తిరుగుతారు. పిల్లలుంటే సరదా. నాకు పది నిమిషాల్లో తల తిరిగింది.

అడుగు 8: శనివారం మధ్యాహ్నం ఇంట్లోనే

ఈ పూట ఎక్కడికీ వెళ్లొద్దు. స్నేహితులు వంట చేస్తామంటే వంటింట్లోకి వెళ్లండి. బయటికి తీసుకెళ్తామంటే సరే అనండి.

తినే విషయంలో మాత్రం ముందే నోరు విప్పాలి, బల్ల మీదకి వచ్చాక చెప్తే వండినవాళ్ల మనసు కష్టపడుతుంది. గొడ్డు మాంసం నియురోవ్, మటన్ యాంగ్‌రోవ్, పంది జురోవ్, కోడి జీరోవ్. "వో బు చీ నియురోవ్" అంటే నేను గొడ్డు మాంసం తినను. శాకాహారులు "వో చీ సు" అనాలి. అంతటితో ఆగకుండా, కూర మీద చల్లే మాంసం తరుగు, పంది కొవ్వు, కోడి రసం కూడా వద్దని విడమరిచి చెప్పించండి. చాలామందికి అవి 'మాంసం' కిందకి రావు.

శాకాహారులు షియాన్‌లో పస్తుండాల్సిన పనేం లేదు. యోపోమియెన్ అడగండి. పటకా అంత వెడల్పు నూడుల్స్ ఉడికించి, మీద ఎండు కారం, వెల్లుల్లి, ఉల్లికాడ వేసి, కాగే నూనె పోస్తారు. ఆ చుయ్‌మనే చప్పుడూ, ఆ ఘాటూ మన తాలింపువే. ఈ రాష్ట్రపు వింతలు పది అని ఒక సామెతల వరస ఉంది. అందులో 'నూడుల్స్ నడికట్టంత' అన్నదొకటి, 'కారం కూడా ఒక కూరే' అన్నదొకటి. రెండోది విన్నప్పుడు గుంటూరువాణ్ణి అయినందుకు నాకు ఇల్లు చేరినట్టు అనిపించింది. టమాటా, గుడ్డు వేసిన బ్యాంగ్‌బ్యాంగ్ నూడుల్స్ కూడా బాగుంటాయి. ఆ బ్యాంగ్ అనే అక్షరానికి యాభైకి పైగా గీతలు. కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి అది వచ్చిందే 2020లో.

బల్ల దగ్గర నాలుగు మాటలు. అన్నం గిన్నెలో తినే పుల్లలు నిలువుగా గుచ్చకండి, పితృకార్యంలో అగరొత్తులు గుచ్చినట్టుంటుంది. పెద్దలతో గ్లాసు తాకించేటప్పుడు మీ గ్లాసు అంచు వాళ్ల గ్లాసు కంటే కిందకి ఉంచండి. మందు ముట్టనివాళ్లు టీతో తాకించొచ్చు, ఎవరూ బలవంతపెట్టరు. పళ్లెం ఖాళీ చేస్తే ఇంకా వడ్డిస్తారు, కాబట్టి ఆఖరి వంటకం దాకా పొట్టలో చోటుంచుకోండి. హోటల్లో బిల్లు దగ్గర కొట్లాట మనవాళ్ల స్థాయిలోనే ఉంటుంది. గెలవాలంటే మధ్యలో చేతులు కడుక్కుంటానని లేచి వెళ్లి కట్టేయడమే మార్గం. నేను రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ఓడాను. మా మిత్రుడు వచ్చే ముందే కట్టేసి ఉంచాడు.

అడుగు 9: శనివారం సాయంత్రం, కోట గోడ

ఎండ తగ్గాక దక్షిణ ద్వారం యుంగ్‌నింగ్‌మన్‌కి వెళ్లండి. ఈ గోడ మింగ్ వంశం మొదటి చక్రవర్తి కాలంలో, 1370లలో కట్టింది. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. పైన కారు, కారు పక్కన ఇంకో కారు పోయేంత వెడల్పు. టికెట్ 54 యువాన్‌లు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు, ఇద్దరు తొక్కే జంట సైకిళ్లూ ఉంటాయి. పాత ఇటుకల మీద ఎగిరెగిరి పడుతుంది కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి. చుట్టూ తిరిగి రావడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఓపిక చాలకపోతే మధ్యలో ఇంకో ద్వారం దగ్గర సైకిల్ అప్పగించేయొచ్చు. పొద్దుగూకే వేళ బయలుదేరితే సగం వెలుతురులో, సగం దీపాల్లో తిరుగుతారు. గోడకి లోపలి వైపు పాత పెంకుటిళ్ల కప్పులు, బయటి వైపు అద్దాల మేడలు.

దిగాక గంట గోపురం ఒక్క మెట్రో స్టేషన్ దూరం. 1384లో కట్టి, 1582లో ఇప్పుడున్న చోటికి మార్చారు. ఎక్కక్కర్లేదు, బయటనుంచి చూస్తే చాలు. డప్పు గోపురం కింద నుంచి దాటితే ముస్లింల పేట. దానిమ్మ రసం, జుజుబి పళ్లతో ఆవిరి మీద వండిన బంకబియ్యపు జంగావ్, సీమతునికి పళ్ల అప్పాలు, చువ్వలకి గుచ్చి కాల్చే మాంసం. ఇక్కడ పంది ఉండదు, గొడ్డు మాంసం మాత్రం ఎక్కువ. కాబట్టి రోవ్‌జియామో అనే మాంసం పెట్టిన రొట్టె పేట లోపల గొడ్డు మాంసంతో, బయట పందితో చేస్తారని గుర్తుంచుకోండి. పెద్ద వీధిలో రద్దీ ఎక్కువ, రుచి తక్కువ. పక్క సందుల్లోకి తిరగండి, స్థానికులు తినే కొట్లు అక్కడున్నాయి.

వెలుతురుండగా రాగలిగితే ఇక్కడి పెద్ద మసీదు తప్పక చూడండి. గుమ్మటం ఉండదు, మనకి తెలిసిన తరహా మీనారు ఉండదు. వరుసగా నాలుగైదు ముంగిళ్లు, చెక్క మండపాలు, మెరిసే పెంకులు. నేను మొదట బౌద్ధాలయమేమో అనుకున్నాను. ప్రార్థన మందిరంలోకి ఇతరులకి ప్రవేశం లేదు, ముంగిళ్లలో తిరగొచ్చు.

అడుగు 10: ఆదివారం, మట్టి సైన్యం

ఉదయం ఏడింటికి బయలుదేరండి. మ్యూజియం 8:30కి తెరుస్తారు, ఊరికి తూర్పున దాదాపు 40 కిలోమీటర్లు. మెట్రో 1వ లైనులో ఫాంగ్‌జిచెంగ్ దాకా, అక్కడ 9వ లైను మారి హువాచింగ్‌చీ దాకా, అక్కడినుంచి బస్సో టాక్సీయో. నలుగురుంటే ఇంటి దగ్గరే దీదీ ఎక్కడం సుఖం. దారిలో "ఇదిగో ఇక్కడ కూడా సైనికులున్నారు" అని ఎవరైనా దింపబోతే దిగకండి. నకిలీ బొమ్మలు పెట్టి డబ్బులు గుంజే చోట్లు ఉన్నాయి.

1974 మార్చిలో కరువుకి బావి తవ్వుతున్న రైతులకి ఈ బొమ్మల ముక్కలు దొరికాయి. చైనాని మొదట ఏకం చేసిన చిన్ షి హువాంగ్ సమాధికి కాపలా సైన్యం ఇది. ఆయన క్రీ.పూ. 210లో చనిపోయాడు. అసలు సమాధి ఇక్కడికి కిలోమీటరున్నర దూరంలో గడ్డి దిబ్బ కింద ఉంది, ఇప్పటికీ తెరవలేదు. లోపల పాదరసంతో నదులు పారించారని సిమా చియెన్ అనే పాత చరిత్రకారుడు రాశాడు. ఆ దిబ్బ మట్టిలో పాదరసం మామూలు కంటే ఎక్కువగానే తేలింది.

గోతులు మూడు. తెరవగానే వెళ్లినవాళ్లు సూటిగా మొదటి గోతికి వెళ్లి, ముందు వరుస ఖాళీగా ఉండగానే నిలబడండి. ఆలస్యమైతే మూడు, రెండు చూసుకుని ఒకటికి రండి. మొదటిది 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. మొత్తం ఎనిమిది వేల దాకా ఉంటారని అంచనా, అందులో ఆరు వేలు ఇక్కడే. తవ్వి నిలబెట్టినవాళ్లు మాత్రం రెండు వేల పైచిలుకు. ముందు నుంచి చూసి వెనక్కి తిరిగిపోకండి. చుట్టూ నడిచి వెనక కొసకి వెళ్లండి. అక్కడ తల లేనివాళ్లు, చేతికి అట్టలు కట్టినవాళ్లు, సగం అతికిన గుర్రాలు నిలబడి ఉంటాయి. దాదాపు అందరూ ముక్కలుగానే దొరికారు, ఒక్కొక్కర్ని ఇలా అతికిస్తారు. నాకు ఆ బొమ్మల ఆసుపత్రే ఎక్కువ గుర్తుంది.

రెండో గోతిలో మోకాలి మీద కూర్చున్న విలుకాణ్ణి అద్దాల పెట్టెలో దగ్గరగా చూడొచ్చు. వీపు వైపుకి వెళ్లి జడ ముడి, చెప్పు అడుగున కుట్టు చూడండి. ఒకప్పుడు వీళ్లందరికీ రంగులుండేవి. మట్టిలోంచి తీసి గాలి తగలగానే కింది లక్క పూత ముడుచుకుని నిమిషాల్లో రాలిపోయింది. ఆయుధాలకి రెండు వేల ఏళ్ల నాడే క్రోమియం పూత పూశారని గైడ్లు ఇప్పటికీ చెప్తారు. ఆ క్రోమియం పక్కనున్న లక్క నుంచి అంటుకున్నదేనని 2019లో పరిశోధకులు తేల్చారు. గైడ్‌తో వాదించకండి, టైం ఉండదు.

అదే టికెట్ మీద ఉచిత బస్సులో సమాధి ఉద్యానానికి వెళ్లి కంచు రథాలు చూడొచ్చు. ఒంటిగంటకల్లా తిరుగు ప్రయాణం కావాలంటే నడక వేగం పెంచాలి.

అడుగు 11: రొట్టె తుంపుతూ

స్నేహితులతో ఆఖరి భోజనం యాంగ్‌రోవ్ పావ్‌మో దగ్గర పెట్టుకోండి. ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు ఇస్తారు. వాటిని మీరే శనగగింజంత ముక్కలుగా తుంపాలి. పెద్దవిగా తుంపితే వంటవాడు లోపల నవ్వుకుంటాడట. ఆ గిన్నె వంటింట్లోకి వెళ్లి, మటన్ పులుసు, సేమ్యాలాంటి నూడుల్స్‌తో ఉడికి తిరిగొస్తుంది. కలపకుండా అంచునుంచి తినాలి, మధ్యలో తీపి ఊర వెల్లుల్లి కొరకాలి.

తుంపడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. చేతులు తీరికగా ఉండవు కాబట్టి ఎవరూ ఫోన్ తియ్యరు. పెళ్లింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నట్టుంటుంది. రెండు రోజులుగా చెప్పుకోని సంగతులు అప్పుడే బయటికొస్తాయి. మా మిత్రుడు బీజింగ్ ఉద్యోగం ఎందుకు వదిలేశాడో నాకు మూడోసారి వెళ్లినప్పుడు, ఈ గిన్నె ముందే తెలిసింది.

అడుగు 12: రైలు

స్టేషన్‌కి ముప్పావు గంట ముందే చేరండి. సామాను తనిఖీ ఉంటుంది, పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మనిషి ఉండే గేటు వెతుక్కోవాలి, బండి కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు. సంచిలో చోటు ఉంచుకోండి. కారం సీసా, పళ్ల అప్పాలు, దారిలో తినడానికి ఉడికించిన గుడ్లు మీకు తెలియకుండానే అందులోకి చేరతాయి. వద్దని రెండుసార్లు అనండి, మూడోసారి తీసుకోండి.

అయీ "మన్ జో, మన్ జో" అంటుంది. నెమ్మదిగా వెళ్లమని. ఇల్లు చేరగానే, ఎంత రాత్రయినా సరే, వీచాట్‌లో "దావ్ జియా ల" అని పెట్టండి. ఇంటికి చేరాను అని. ఆ మాట వచ్చేదాకా ఆవిడ పడుకోదు.